నాలుగు ఆసులూ ఓడిపోయే లెక్క: పోకర్‌లో అరుదైన ఓటముల అవకాశాన్ని మీరే కట్టుకునే పద్ధతి

గోవా వెళ్లొచ్చిన ప్రతివాడి దగ్గరా ఒక కథ ఉంటుంది. "నా చేతిలో ఫుల్‌హౌస్ అన్నా, అయినా పోయింది. కోటికొకసారి జరుగుతుందట!" కోటి అన్న అంకె ఎక్కడిదని అడిగితే మాత్రం జవాబుండదు. లెక్క కట్టడం ఎలాగో చెప్పమని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి మొత్తం వరుసలో రాస్తున్నాను. ఆట టెక్సాస్ హోల్డెమ్: చేతికి రెండు ముక్కలు, బోర్డు మీద అందరికీ ఉమ్మడిగా అయిదు. ఆట నియమాలు మీకు తెలుసనుకునే మొదలుపెడుతున్నాను.

ఒక మాట ముందే. ఇది లెక్క నేర్చుకోవడానికే. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రమూ చట్టం తెచ్చింది. ఇంట్లో పేక కట్ట ముందేసుకుని చేసుకునే లెక్కకి అడ్డేమీ లేదు.

1. ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

☐ పేక కట్ట ఒకటి, జోకర్లు తీసేసి. ముక్కల్ని కళ్లముందు పరుచుకుంటే సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి.

☐ కాగితం, పెన్ను.

☐ కాలిక్యులేటర్. ఎక్సెల్ తెలిస్తే అందులో "కాంబిన్" (COMBIN) ఫార్ములా ఇంకా సులువు.

☐ ఈ నాలుగు అంకెలు కాగితం పైన రాసి ఉంచుకోండి:

- 52లోంచి 2 ముక్కలు: 1,326 రకాలు (మొదటి ఆటగాడి చేయి)
- 50లోంచి 2 ముక్కలు: 1,225 (రెండో ఆటగాడి చేయి)
- 48లోంచి 5 ముక్కలు: 17,12,304 (ఇద్దరికీ పంచాక బోర్డు)
- 45లోంచి 2 ముక్కలు: 990 (ఇద్దరి ముక్కలూ, ఫ్లాపూ, అంటే బోర్డు మీద మొదటి మూడు ముక్కలూ, తెలిశాక మిగిలినవి: నాలుగోది టర్న్, అయిదోది రివర్)

"52లోంచి 2" అంటే వరుసతో పనిలేకుండా ఎంచుకోవడం: 52×51÷2. మూడైతే 52×51×50÷6. అయిదైతే అయిదు అంకెలు గుణించి 120తో భాగించాలి. మనకి అవసరమైన గణితం ఇంతే.

2. ప్రశ్నని కాగితం మీద పూర్తిగా రాయండి

తప్పులన్నీ ఇక్కడే పుడతాయి. "నాలుగు ఆసులు ఓడిపోయే అవకాశం ఎంత?" అనేది ప్రశ్న కాదు, సగం ప్రశ్న. దానికి పది రకాల జవాబులున్నాయి, పదీ నిజమే. లెక్క మొదలెట్టే ముందు వీటికి జవాబు రాయండి:

☐ ఎవరికి? నాకా, ఫలానా ఇద్దరిలో ఒకరికా, టేబుల్ మీద ఎవరికైనా సరేనా?

☐ ఎంతమంది? ఆరు కుర్చీలా, తొమ్మిదా, పదా?

☐ ఇప్పటికే ఏ ముక్కలు తెలుసు? ఏమీ తెలియక ముందా, నా రెండు ముక్కలు చూశాకా, ఫ్లాప్ పడ్డాకా?

☐ చేతి ముక్కలు రెండూ వాడాలా? కాసినో జాక్‌పాట్ నియమాల్లో సాధారణంగా రెండూ వాడి తీరాలి. మామూలు ఆటలో ఆ షరతు లేదు.

☐ అందరూ రివర్ దాకా ఉంటారా? కాగితం మీద ఉంటారు. టేబుల్ దగ్గర ఉండరు.

ఉదాహరణకి రాజుల జత ఆసుల జతకి తగిలే ఘటనే తీసుకోండి. తొమ్మిది మంది టేబుల్‌లో అది "నాకు" జరగడం సుమారు 5,658 పంపకాలకి ఒకసారి. "ఎవరికో ఒకరికి" జరగడం సుమారు 630 పంపకాలకి ఒకసారి. ఘటన అదే, అడిగిన తీరు వేరు. గంటకి 30 పంపకాలు అనుకుంటే మొదటిది దాదాపు 190 గంటల ఆట, రెండోది 21 గంటలు. వారాంతం రెండు రాత్రులు కూర్చున్న టేబుల్ దాన్ని చూస్తుంది. చూసినవాడు ఇంటికొచ్చి అరుదైన వింతగా చెబుతాడు.

3. చేయి తిరగడానికి మూడు ముక్కలాట

నేరుగా హోల్డెమ్‌లోకి దిగొద్దు. సంక్రాంతికి అందరూ ఆడే మూడు ముక్కలాటతో మొదలుపెడితే అసలు కిటుకు తొందరగా పట్టుబడుతుంది. ప్రశ్న: ఫలానా ఇద్దరికీ ఒకే పంపకంలో ట్రయల్ (మూడు ముక్కలూ ఒకే అంకెవి) పడే అవకాశం ఎంత?

*మొదటివాడు.* 52లోంచి 3 ముక్కలు 22,100 రకాలు. ట్రయల్స్ 13×4 = 52. అంటే 425కి ఒకటి.

*రెండోవాడు.* చాలామంది ఇక్కడ మళ్లీ 425 వేసి గుణించేస్తారు. ఆగండి. కట్టలో ఇప్పుడు 49 ముక్కలే ఉన్నాయి: 49లోంచి 3 అంటే 18,424. మొదటివాడి దగ్గర మూడు ఎనిమిదులుంటే ఎనిమిదుల ట్రయల్ ఇక లేదు. మిగతా 12 అంకెలవి 12×4 = 48 ట్రయల్స్. 18,424ని 48తో భాగిస్తే 384కి ఒకటి.

చూశారా, 425 కాస్తా 384కి దిగింది. మొదటివాడికి ట్రయల్ పడటం రెండోవాడి అవకాశాన్ని కొద్దిగా పెంచింది. మొదటివాడి మూడు ముక్కలూ ఒకే అంకెవి కాబట్టి మిగతా అంకెలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. రెండూ గుణిస్తే 1,63,129కి ఒకటి. ఆరుగురు ఆడుతుంటే 15 జంటలు, కాబట్టి టేబుల్ మొత్తం మీద సుమారు 10,875 పంపకాలకి ఒకసారి.

ఈ మూడు పనులే ఇక ముందంతా: మొదటివాడి చేయి లెక్కపెట్టు, తీసేసిన ముక్కలు పోగా రెండోవాడిది లెక్కపెట్టు, చివర్లో జంటలతో గుణించు.

4. చేతి ముక్కల దశ: రాజులు ఆసులకి తగలడం

మీ చేతిలో రెండు రాజులు. ఎదుటి ఫలానా వ్యక్తి దగ్గర రెండు ఆసులుండే అవకాశం ఎంత?

1. మీ రెండు ముక్కలు పోగా 50. వాటిలోంచి 2: 1,225.
2. ఆసుల జతలు: 4లోంచి 2 = 6.
3. 6÷1,225. అంటే 204కి ఒకటి.
4. ఎదురుగా ఎనిమిది మంది ఉంటే 8×6÷1,225 = 3.9 శాతం. ఇద్దరి దగ్గరా ఆసుల జతలుండే సందర్భాన్ని రెండుసార్లు లెక్కపెట్టాం గానీ ఆ తేడా దశాంశంలో రెండో స్థానం దాకా పోతే తప్ప కనపడదు.

రాజులు పడినప్పుడల్లా పాతికసార్లకో మారు ఎవరో ఆసులతో కూర్చుని ఉంటారన్నమాట. రాజులు పడటం 221కి ఒకటి కాబట్టి ఆ రెండూ కలిస్తే, రెండుసార్లు లెక్కపెట్టింది తీసేశాక, 5,658.

నేను మొదటిసారి ఇలా చిప్స్ అన్నీ పోగొట్టుకున్న రాత్రి, పక్క కుర్చీలో మధ్య వయసు ఆయన చాలా శాంతంగా "మామూలే బాబూ" అన్నాడు. అప్పుడు ఒళ్లు మండింది. లెక్క కట్టాక ఆయనకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

5. ఫ్లాప్ పడ్డాక ఓటములు

ఇక్కడ రెండు చిన్న లెక్కలు చాలు.

*సెట్ మీద సెట్.* ఇద్దరి దగ్గరా వేర్వేరు జతలున్నాయి, ఫ్లాప్‌లోనే ఇద్దరికీ మూడోది తగిలింది. తెలిసిన నాలుగు ముక్కలు పోగా 48. ఫ్లాప్‌లు 48లోంచి 3 = 17,296. నా అంకెది ఒకటి (2 రకాలు), ఎదుటివాడిది ఒకటి (2 రకాలు), వేరేది ఒకటి (44 రకాలు): 2×2×44 = 176. జవాబు 98కి ఒకటి. జతలు రెండూ పంచబడ్డాక మాత్రమే ఈ 98. ఆ షరతు మర్చిపోయి "ప్రతి 98 పంపకాలకి ఒకసారి" అనేవాళ్లున్నారు. ఫలానా ఇద్దరికీ వేర్వేరు జతలు పడటమే 289కి ఒకటి.

*చివరి రెండు ముక్కల దెబ్బ.* ఫ్లాప్ అయ్యాక ఇద్దరూ చిప్స్ అన్నీ పెట్టేసి ముక్కలు తిప్పారు. ఎదుటివాడు గెలవాలంటే ఫలానా రెండు ముక్కలే, రెండూ రావాలి. కనిపించని ముక్కలు 52−4−3 = 45. 45లోంచి 2 అంటే 990. కాబట్టి 990కి ఒకటి. అదే టర్న్ కూడా పడిపోయి, రెండు ముక్కల్లో ఏదొచ్చినా వాడు గెలిచే పరిస్థితైతే 44లో 2, నాలుగున్నర శాతం. ఇరవై రెండుసార్లకి ఒకటి వచ్చేదాన్ని అద్భుతం అనొద్దు.

6. నాలుగు మీద నాలుగు: క్వాడ్స్ ఓడిపోవడం

క్వాడ్స్ అంటే ఒకే అంకెవి నాలుగూ. ఇద్దరి చేతిలోనూ జతలు, బోర్డు మీద ఇద్దరికీ మిగతా రెండేసి. ఈ లెక్క నాకు అన్నిటికంటే ఇష్టం. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

1. మొదటివాడికి ఏదో ఒక జత: 17కి ఒకటి (78÷1,326).
2. రెండోవాడికి వేరే అంకె జత: 12×6÷1,225 = 72÷1,225.
3. బోర్డులో నాలుగు ముక్కలు ఖాయం: మొదటివాడి అంకెవి రెండు, రెండోవాడివి రెండు. అయిదోది మిగిలిన 44లో ఏదైనా సరే. 44÷17,12,304, అంటే 38,916కి ఒకటి.
4. మొదటి రెండు మెట్లు కలిపితే 289కి ఒకటి. దాన్ని 38,916తో గుణిస్తే దాదాపు 1 కోటీ 12 లక్షల 56 వేలకి ఒకటి. ఇది ఫలానా ఇద్దరికి.
5. తొమ్మిది కుర్చీల్లో జంటలు 9×8÷2 = 36. భాగిస్తే 3,12,664కి ఒకటి.

అయిదో మెట్టులో మామూలుగా ఒక భయం ఉంటుంది: జంటలతో గుణించేటప్పుడు ఒకే పంపకాన్ని రెండుసార్లు లెక్కపెడుతున్నామేమో? ఇక్కడ ఆ భయం అక్కర్లేదు. ముగ్గురికి క్వాడ్స్ రావాలంటే బోర్డు మీద ఆరు ముక్కలు కావాలి, ఉన్నవి అయిదే. కాబట్టి ఈ అంకె ఉజ్జాయింపు కాదు, కచ్చితం. అందుకే ఇష్టం.

కోటీ పన్నెండు లక్షల దగ్గర్నుంచి మూడు లక్షలకి దిగడం చూశారు కదా. "కోటికొకసారి" అనేవాళ్లు చాలామంది నాలుగో మెట్టు దగ్గర ఆగిపోయినవాళ్లే.

7. 270 కోట్ల పొరపాటు

2008లో లాస్ వేగాస్ వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్. మోతోయుకి మబుచి చేతిలో రెండు ఆసులు. జస్టిన్ ఫిలిప్స్ చేతిలో డైమను రాజు, డైమను జాకీ. బోర్డు మీద డైమను రాణి, డైమను పది, రెండు ఆసులు, వాటిలో ఒకటి డైమనుదే. మబుచికి నాలుగు ఆసులు, ఫిలిప్స్‌కి రాయల్ ఫ్లష్ (ఒకే గుర్తువి పది, జాకీ, రాణి, రాజు, ఆసు). టీవీ ప్రసారంలో దీన్ని 270 కోట్లకి ఒకటి అన్నారు.

ఆ అంకె ఎలా వస్తుందో మీరే చేసి చూడండి. అయిదు ముక్కల్లో రాయల్ ఫ్లష్ 6,49,740కి ఒకటి. అయిదు ముక్కల్లో ఏవో ఒక క్వాడ్స్ 4,165కి ఒకటి. రెండూ గుణిస్తే 270 కోట్ల 61 లక్షలు. సరిగ్గా అదే.

ఇందులో తప్పులు మూడు. ఒకటి, హోల్డెమ్‌లో ఒక్కొక్కరికి ఏడు ముక్కలు, అయిదు కాదు. రెండు, రెండు ఘటనలూ విడివిడివి కావు: బోర్డు ఉమ్మడిది, ఆ డైమను ఆసు ఒక్కటే ఇద్దరికీ పనిచేసింది. మూడు, ప్రశ్న ఏమిటో ఎవరూ రాసుకోలేదు.

ఇప్పుడు సరైన దారి. రెండు చేతుల్నీ విడివిడిగా కాకుండా ఒకే పంపకంగా లెక్కపెట్టాలి.

*మొత్తం రకాలు:* 1,326 × 1,225 × 17,12,304. ఇది సుమారు 2,78,138 కోట్లు. ఈ అంకెని దాచుకోండి, తర్వాతి మెట్టులో మళ్లీ కావాలి.

*మనకి కావాల్సినవి:*

- రాయల్ ఏ గుర్తుది? ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు: 4.
- ఆసుల జత. ఆ గుర్తు ఆసు ఇందులో ఉండకూడదు, ఉంటే రాయల్ కుదరదు. మిగతా మూడు ఆసుల్లోంచి రెండు: 3.
- రాయల్ వాడి రెండు ముక్కలు. వాడి దగ్గరా ఆసు ఉండకూడదు, ఉంటే ఎదుటివాడికి నాలుగు కావు. పది, జాకీ, రాణి, రాజుల్లోంచి రెండు: 6.
- బోర్డులో నాలుగు ఖాయం: ఆ గుర్తు ఆసు, మిగిలిన ఆసు, రాయల్‌లో మిగిలిన రెండు. అయిదోది 44లో ఏదైనా.

4×3×6×44 = 3,168.

భాగిస్తే 87,79,61,175కి ఒకటి. ఇది "ఫలానా ఆయన ఆసులతో ఫలానా ఆయన రాయల్‌కి ఓడటం". ఇద్దరిలో ఎవరు ఎవరికి ఓడినా సరే అంటే సగం: 43.9 కోట్లు. తొమ్మిది మంది టేబుల్‌లో ఎవరికైనా సరే అంటే మొదటి అంకెని 72తో భాగించాలి: సుమారు 1.22 కోట్లు. ఆసులే కానక్కర్లేదు, ఏ క్వాడ్స్ అయినా రాయల్‌కి ఓడితే చాలంటే 21.75 లక్షలు.

36 కాకుండా 72 ఎందుకు? క్వాడ్స్ మీద క్వాడ్స్‌లో ఇద్దరి చేతులూ ఒకే రకం, ఎవరు ముందన్నది పట్టించుకోలేదు. ఇక్కడ ఒకరి పాత్ర వేరు, మరొకరిది వేరు. కాబట్టి 9×8. ఈ ఒక్క చోట జారితే జవాబు రెట్టింపో సగమో అవుతుంది.

8. జాక్‌పాట్ షరతు మొత్తానికి లెక్క

చాలా కాసినోల్లో ప్రతి పాట్ (ఆ పంపకంలో అందరి పందేలు కలిసిన సొమ్ము) లోంచి కొంత తీసి బ్యాడ్ బీట్ జాక్‌పాట్ అని పోగేస్తారు. పెద్ద చేయి ఓడిపోతే దాన్ని పంచుతారు. షరతు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. మనం ఇది తీసుకుందాం: "క్వాడ్స్ లేదా అంతకంటే పెద్దది ఓడిపోవాలి, ఇద్దరూ చేతి ముక్కలు రెండూ వాడాలి, తొమ్మిది కుర్చీలు."

మూడు దారులున్నాయి.

*మొదటిది, క్వాడ్స్ మీద క్వాడ్స్.* పైన కట్టాం: 3,12,664.

*రెండోది, క్వాడ్స్ మీద స్ట్రెయిట్ ఫ్లష్* (ఒకే గుర్తువి వరుసగా అయిదు, రాయల్ కలిపి). నిదానంగా చదవండి. స్ట్రెయిట్ ఫ్లష్‌లు 40. ఒక్కోదాంట్లో చేతికి రెండు ముక్కలు ఎంచుకునే తీరు 10. మొత్తం 400. మిగతా మూడూ బోర్డు మీద ఉంటాయి. క్వాడ్స్ అంకె ఆ మూడింట్లో ఒకటైతే: అంకె 3 రకాలు, జత 3 రకాలు, బోర్డులో మిగిలిన అయిదో ముక్క 44, మొత్తం 396. స్ట్రెయిట్‌లో లేని అంకె అయితే: 8 అంకెలు, జత 6 రకాలు, మొత్తం 48. రెండూ కలిపి 444. 400×444 = 1,77,600.

ఇక్కడితో ఆగితే తప్పు. బోర్డు మీద ఆ గుర్తువి మూడుకి బదులు నాలుగు పడి, చేతివాటితో కలిసి ఆరు వరుసగా వస్తే ఏమవుతుంది? కొన్ని పంపకాలు రెండుసార్లు లెక్కలోకొచ్చాయి. ఇంకొన్నిట్లో పై స్ట్రెయిట్‌కి చేతిముక్క ఒకటే సరిపోతుంది, అంటే "రెండూ వాడాలి" అన్న షరతు పోయింది. ఇలాంటివి 4,320. నేను ఈ తీసివేత మర్చిపోయి చాలా రోజులు తప్పు అంకె చెబుతూ తిరిగాను. తీసేస్తే 1,73,280. దాచుకున్న 2,78,138 కోట్లని దీంతో భాగించి, మళ్లీ 72తో భాగిస్తే 2,22,936కి ఒకటి.

*మూడోది, స్ట్రెయిట్ ఫ్లష్ మీద స్ట్రెయిట్ ఫ్లష్.* బోర్డు మీద ఒకే గుర్తువి మూడు వరుసగా (7, 8, 9 అనుకోండి), ఒకరి దగ్గర కింది రెండు (5, 6), మరొకరి దగ్గర పై రెండు (10, జాకీ). మధ్యలో ఖాళీ ఉన్న మూడు మాత్రమే ఉంటే ఆ ఖాళీ ముక్క ఇద్దరికీ కావాలి, కుదరదు. బోర్డు మీద ఆ గుర్తువి నాలుగో అయిదో పడితే కుదిరే ఇంకొన్ని రకాల్ని ఇక్కడ వదిలేస్తున్నాను, కాబట్టి ఈ మూడోది ఉజ్జాయింపే. గుర్తుకి 8 చొప్పున 32 రకాలు, మిగిలిన రెండు బోర్డు ముక్కలు 990 రకాలు: 31,680. భాగిస్తే సుమారు 12.19 లక్షలకి ఒకటి.

మూడు అవకాశాల్నీ కూడితే దాదాపు 1.18 లక్షల పంపకాలకి ఒకసారి. కూడేటప్పుడు జాగ్రత్త: 3.12 లక్షలు, 2.22 లక్షలు, 12.19 లక్షలు కూడకూడదు. ఒకటిని ఒక్కోదాంతో భాగించి, ఆ చిన్న అంకెల్ని కూడి, చివర్లో తిరగెయ్యాలి.

పది కుర్చీలైతే ఇది 94,000కి దిగుతుంది. ఆరు కుర్చీలైతే 2.82 లక్షలకి ఎక్కుతుంది. జాక్‌పాట్ కోసమే కూర్చునేవాడికి కుర్చీల సంఖ్యే మొదటి ప్రశ్న కావాలి.

9. కాగితం అంకెని టేబుల్ అంకెగా మార్చడం

గంటకి 30 పంపకాలు పడితే ఒక టేబుల్ మీద 1.18 లక్షలకి దాదాపు 3,900 గంటలు. ఒకేసారి 20 టేబుళ్లు నడిచే గది అయితే 196 గంటలు, రోజంతా తెరిచి ఉంచితే ఎనిమిది రోజుల పైచిలుకు.

అందరూ రివర్ దాకా ఉన్నారన్న ఊహ మీదే ఇదంతా. నిజంగా ఉండరు. చిన్న జత పట్టుకున్నవాడు పెద్ద పందెం చూసి ముక్కలు పడేస్తాడు. కింది స్ట్రెయిట్ ఫ్లష్‌కి కావాల్సిన 5, 6 చాలామంది ముందే పారేస్తారు. కాబట్టి నిజమైన అవకాశం ఎప్పుడూ కాగితం అంకె కంటే తక్కువే. ఎంత తక్కువన్నది ఆ టేబుల్ మీద ఎవరు కూర్చున్నారన్న దాన్ని బట్టి.

డబ్బు లెక్క ఇలా:

1. ప్రతి పాట్‌లోంచి జాక్‌పాట్‌కి ఎంత తీస్తున్నారు? 100 రూపాయలు అనుకుందాం.
2. దాన్ని 1.18 లక్షలతో గుణించండి: 1.18 కోట్లు. కాసినో గదిలో జాక్‌పాట్ సొమ్ము ఇంతకంటే తక్కువ చూపిస్తుంటే టేబుల్ మొత్తం నష్టంలో ఉన్నట్టే.
3. మన దేశంలో గెలిచిన సొమ్ము మీద 30 శాతం పన్ను, పైన సెస్. 0.7తో భాగించండి: 1.69 కోట్లు దాటాలి.
4. జనం ముక్కలు పడేయడం వల్ల అవకాశం సగమైందనుకుంటే ఆ అంకె మళ్లీ రెట్టింపు.
5. వాటాలు చూడండి. ఓడినవాడికి సగం, గెలిచినవాడికి పావు, మిగతా పావు టేబుల్ మీద అందరికీ అన్నది తరచూ కనిపించే తీరు. మొత్తంలోంచి కాసినో ఖర్చులకని కొంత పట్టుకుంటుందేమో నియమాల కాగితంలో చదవండి.

నా మట్టుకు నేను ఈ అయిదు మెట్లూ చేశాక జాక్‌పాట్ కోసం కూర్చోవడం మానేశాను. అది పాట్‌లోంచి పోయే ఇంకో ఖర్చు అనుకునే కూర్చుంటాను.

10. తరచూ చేసే తప్పులు, సవరణలు

విడివిడి అవకాశాల్ని గుణించేయడం. 270 కోట్లు ఇలాగే వచ్చాయి. *సవరణ:* రెండు చేతులూ బోర్డూ కలిపి ఒకే పంపకంగా లెక్కపెట్టండి.

అయిదు ముక్కల పట్టికని హోల్డెమ్‌కి వాడటం. అయిదు ముక్కల్లో క్వాడ్స్ 4,165కి ఒకటి. ఏడు ముక్కల్లో 595కి ఒకటి. ఏడు రెట్లు తేడా. *సవరణ:* పట్టిక పైన ఎన్ని ముక్కలని రాసుందో ముందు చూడండి.

జరిగాక ఆ ముక్కలకే లెక్క కట్టడం. "కళావరు ఏడు, ఆఠీను రెండు... సరిగ్గా ఇవే రావాలా?" అంటే ఏ పంపకమైనా కోట్లలో ఒకటే. *సవరణ:* ఘటన పేరుని జరగకముందే రాసుకున్నట్టు రాయండి: "క్వాడ్స్ ఓడటం", "ఆసుల జత ఓడటం".

వరుస ఓటముల్ని కుట్ర అనుకోవడం. ఆసులు రాజులకి ఓడేది సుమారు 18 శాతం. వరుసగా మూడుసార్లు ఓడటం 0.18×0.18×0.18, అంటే 171కి ఒకటి. బాధగా ఉంటుంది గానీ పేక కలిపినవాణ్ణి అనుమానించేంత అరుదు కాదు.

తెలిసిన ముక్కల్ని కట్టలోనే ఉంచేయడం. ఎదుటివాడి ముక్కలు కనిపిస్తే రివర్‌కి 44 మిగులుతాయి, కనిపించకపోతే 46. *సవరణ:* కట్టని నిజంగా ముందేసుకుని తెలిసినవి పక్కకి తీయండి.

లెక్క పూర్తయ్యాక ఒకసారి సరిచూసుకోండి:

☐ కుర్చీలు పెంచితే అవకాశం పెరిగిందా? తగ్గితే ఎక్కడో తలకిందులైంది.

☐ షరతు కఠినం చేస్తే (ఏవో క్వాడ్స్ నుంచి నాలుగు ఆసులకి) అవకాశం తగ్గిందా?

☐ 36 వాడాలా, 72 వాడాలా?

☐ ఒకే పంపకం రెండు వరుసల్లో లెక్కకొచ్చిందా?

11. నిజంగానే అలాంటి ఓటమి తగిలితే

జాక్‌పాట్ ఉన్న గదిలో క్వాడ్స్‌తో ఓడిపోయారనుకోండి. కడుపుమంటతో ముక్కల్ని డీలర్ వైపు తోసేసే వాళ్లుంటారు. అవి పారేసిన ముక్కల్లో కలిసిపోతే జాక్‌పాట్ చేజారినట్టే.

1. రెండు ముక్కలూ మీ ముందే, బోర్డు వైపు కాకుండా, తిప్పి పెట్టండి.
2. పాట్ ఇంకా నడుస్తుండగా జాక్‌పాట్ మాట ఎత్తొద్దు. ఎదుటివాణ్ణి "ఉండు, పడేయకు" అనొద్దు. చాలా చోట్ల దీంతోనే జాక్‌పాట్ రద్దవుతుంది.
3. ఆట ఆపి ఫ్లోర్ మేనేజర్‌ని పిలవమని డీలర్‌కి చెప్పండి. కట్టలో ముక్కలన్నీ ఉన్నాయా అని లెక్కపెడతారు, కెమెరా చూస్తారు. కొంతసేపు పడుతుంది.
4. కుర్చీలోంచి లేవొద్దు. టేబుల్ వాటా ఆ పంపకంలో ముక్కలు అందుకున్న వాళ్లకే అన్న నియమం ఉన్నచోట, ఎవరు ఎక్కడ కూర్చున్నారో రాసుకునేది అప్పుడే.
5. పాన్ కార్డు, గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి. పన్ను పట్టుకున్నాకే చేతికిస్తారు. పట్టుకున్నట్టు కాగితం అడిగి తీసుకోండి.